కొన్న మర్నాడే సైలెన్సర్ ఎందుకు విప్పాలి?

తెనాలిలోనో రేపల్లెలోనో కొత్త హీరో ఎక్స్‌పల్స్ బండి ఇంటికి తెచ్చుకున్న కుర్రాడికి మొదటి వారంలో అందే సలహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. సైలెన్సర్ తీసెయ్యాలి. ఫ్రీ ఫ్లో ఫిల్టర్ వేయించాలి. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయించాలి. వెనక లావు టైరు, ముందు ఎల్‌ఈడీ బార్, డబ్బు మిగిలితే బండిని ఇంకో రెండంగుళాలు లేపించడం. కంపెనీ ఇచ్చేది సగం బండేననీ, మిగతా సగం షెడ్డులోనే తయారవుతుందనీ స్నేహితులు చెబుతారు, మెకానిక్ చెబుతాడు, యూట్యూబ్‌లో ఎక్కడెక్కడి నుంచో మాట్లాడేవాళ్లూ చెబుతారు. నంబరు ప్లేటు రాకముందే, మొదటి సర్వీసు కాకముందే బండిని విప్పదీసేస్తున్నారు.

ఈ అభిప్రాయం తప్పు. డబ్బు వృథా కావడం అందులో చిన్న నష్టమే. మట్టిలో బండి నడపడం నేర్చుకోవాలన్న నిజమైన ఉత్సాహంతో వచ్చినవాడిని అది చప్పుడు వైపు, ఎత్తు వైపు, బరువు వైపు మళ్లిస్తోంది. ఆ మూడూ మట్టి దారిలో అతనికి అడ్డొచ్చేవే.

ముందు అవతలివాళ్ల వాదాన్ని దాని బలం తగ్గించకుండా చూడాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. పొగ తగ్గించడానికి కంపెనీలు క్యాటలిటిక్ కన్వర్టర్ పెట్టి, పెట్రోలు ఆచితూచి పోసేలా ఇంజెక్షన్ సర్ది, ఇంజిన్ గొంతు నొక్కేశాయని, ఆ పట్టు విడిపిస్తే అసలు శక్తి బయటికొస్తుందని వాళ్లంటారు. ఇందులో కొంత నిజముంది. ఏ కంపెనీ అయినా చట్టానికీ మైలేజీకీ ధరకూ లోబడే బండి తయారుచేస్తుంది, రేసు ఇంజిన్‌కు ఆ కట్టుబాట్లుండవు. కానీ ఆ పట్టు విడిపిస్తే దొరికేదెంత, దొరికింది తెనాలి డొంకల్లో దేనికి పనికొస్తుంది అన్న ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి వాదం ఆగిపోతుంది.

హీరో కంపెనీ చేసిన పనిలోనే దీనికి జవాబుంది. 2011లో ఆ కంపెనీ 150 సీసీ ఇంపల్స్ తెచ్చింది. అది పెద్దగా అమ్ముడుపోలేదు. 2019 మేలో ఎక్స్‌పల్స్ 200 వచ్చింది. ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18, పొడుగు సస్పెన్షన్, కార్బురేటర్ రకం ధర ఢిల్లీ షోరూమ్‌లో 97,000 రూపాయలు. మామూలు జీతగాడు, రైతుబిడ్డ కొనుక్కోగల మట్టిబండి అలా దొరికింది. 2020లో దానికి 38,000 రూపాయల ర్యాలీ కిట్ తెచ్చారు. అంటే బండి ధరలో మూడో వంతు పైమాట. అందులో ఉన్నవి పొడుగు సస్పెన్షన్, గుబ్బల టైర్లు, చదును సీటు, హ్యాండిల్ ఎత్తు పెంచే రైజర్లు, పొడుగు గేర్ లివర్, పొడుగు సైడ్ స్టాండ్. 2021లో నాలుగు వాల్వుల ఇంజిన్ (4వీ) వచ్చాక 2022లో ర్యాలీ ఎడిషన్, 2023లో ప్రో కూడా అదే దారిలో వచ్చాయి. సొంత ఇంజినీర్లు, సొంత డాకర్ ర్యాలీ జట్టు ఉన్న కంపెనీ మట్టి కోసం బండిని మార్చాలనుకున్నప్పుడు ఇంజిన్ శక్తి పెంచే పని పెట్టుకోలేదు. అదే 199.6 సీసీ, అదే 19 పీఎస్ దగ్గరి శక్తి. ఖర్చంతా చక్రానికీ నేలకీ మధ్య, మనిషికీ బండికీ మధ్య పెట్టింది.

ఇంకో ఉదాహరణ. 2024 డిసెంబరులో కవాసాకీ కేఎల్‌ఎక్స్ 230ని మన దేశంలో 3.30 లక్షలకు విడుదల చేశారు. అప్పట్లో అది ఎక్స్‌పల్స్ కంటే రెట్టింపు ధర, ఇంజిన్ మాత్రం 18 చిల్లర పీఎస్ ఇస్తుంది, అంటే ఎక్స్‌పల్స్‌కు పిసరంత తక్కువే. ఆ ధరకు కొన్నవాడికి దక్కింది దాదాపు 20 కిలోల తక్కువ బరువు, ముందు 240, వెనక 250 మిల్లీమీటర్ల సస్పెన్షన్. మట్టిబండికి డబ్బు దేని మీద పెట్టాలో జపాన్ కంపెనీ కూడా అదే చెప్పింది.

ఇక సైలెన్సర్ సంగతి. బీఎస్-6 బండికి పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి ఈసీయూ పెట్రోలు సరిచేసుకుంటూ పోతుంది. యాక్సిలరేటర్ నిండా తిప్పినప్పుడు మాత్రం సెన్సర్‌ను పక్కనబెట్టి, ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం పోస్తుంది. ఆ పట్టిక కంపెనీ సైలెన్సర్‌ని లెక్కలో పెట్టుకుని రాసింది. గొట్టం మార్చి పట్టిక మార్చకపోతే గాలి ఎక్కువై, పెట్రోలు చాలక ఇంజిన్ వేడెక్కుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే పటపట శబ్దాన్ని కుర్రాళ్లు శక్తికి గుర్తనుకుంటారు. సిలిండర్‌లో కాలకుండా మిగిలిన పెట్రోలు వేడి గొట్టంలోకొచ్చి పేలుతున్న శబ్దమది. ఆ పేలుడు చక్రాన్ని అంగుళం కూడా ముందుకు నెట్టదు. పట్టిక కూడా మార్చి అన్నీ సవ్యంగా చేయించినా 200 సీసీ ఒంటి సిలిండర్‌కు పెరిగేది ఒకటో రెండో పీఎస్, అదీ పై ఆర్‌పీఎంలో. బురదలో బండి నడిచేది కింది ఆర్‌పీఎంలో. అక్కడ ఖాళీ గొట్టం తరచుగా లాగుడు తగ్గిస్తుంది.

చట్టం గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 175 సీసీ దాటిన మోటార్ సైకిల్‌కు తయారీ దశలో శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలోని 182ఏ సెక్షన్ కింద అక్రమ మార్పుకు ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. శబ్దం, పొగ పరిమితి దాటితే 190 సెక్షన్ కింద 10,000 దాకా. అదే ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు కంపెనీ నిర్దేశించిన స్వరూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని తేల్చింది. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ దగ్గర ఈ మార్పులే మెడకు చుట్టుకుంటాయి. వీటన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది రాత్రి పదకొండింటికి ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేచే పసిబిడ్డ గురించి, గుండెజబ్బు ముసలాయన గురించి.

ఈ వాదంలో అసలు లోపం నేలను చూడకపోవడం. సలహా ఇచ్చేవాళ్లలో చాలామంది స్పితి రాళ్లనో, సక్లేశ్‌పుర ఎర్రమట్టి కొండలనో మనసులో పెట్టుకుని మాట్లాడతారు. కృష్ణా డెల్టాలో కొండ లేదు, రాయి లేదు. ఇక్కడ ఉన్నవి జిగురు మట్టి, వరద మేట, సముద్రపు ఇసుక.

తెనాలి చుట్టూ ఉన్నది కాలువల కింది మాగాణి, ఒండ్రు కలిసిన నల్లమట్టి. వానాకాలంలో దమ్ము చేసిన పొలాల నుంచి ట్రాక్టర్లు మోసుకొచ్చిన బురద డొంకల మీద పరుచుకుంటుంది. ఆ బురద టైరు గుబ్బల మధ్య ఇరుక్కుని నాలుగు చుట్లు తిరిగేసరికి టైరును నున్నగా చేసేస్తుంది. అలాంటి చోట ఇంజిన్‌కు మరో రెండు పీఎస్ చేరిస్తే వెనక చక్రం ఉన్నచోటే ఇంకాస్త వేగంగా తిరుగుతుంది, అంతే. పనికొచ్చేది ఎడంగా ఉన్న గుబ్బల టైరు. తిరుగుతున్నప్పుడే అది మట్టిని విదిలించుకుంటుంది. లావు టైరు ఇక్కడ మరీ చేటు. బరువు పెరుగుతుంది, స్వింగ్ ఆర్మ్‌కీ టైరుకీ మధ్య సందు తగ్గుతుంది, ఆ సందులో బురద గడ్డకట్టి చక్రం పట్టేస్తుంది. డొంక మధ్యలో దిగి పుల్లతో మట్టి గీక్కుంటూ కూర్చున్నవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

అదే డొంక ఎండాకాలానికి దుమ్ముగుండం అవుతుంది. మొక్కజొన్న నూర్పిళ్ల రోజుల్లో గాలిలోనే పొట్టూ ధూళీ ఉంటాయి. గాలి ధారాళంగా వెళ్లాలని వేసిన ఫిల్టర్ ఆ సన్నటి ధూళిని కూడా లోపలికి వదిలితే అది పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది. ఇంజిన్ గొంతు నొక్కిందని తిట్టుకున్న ఆ కంపెనీ ఫిల్టరే అక్కడ ఇంజిన్‌ను కాపాడుతోంది. దాన్ని నూర్పిళ్లయ్యాక మార్చడం వందల రూపాయల్లో తేలే పని.

రేపల్లె, కొల్లూరు వైపు కరకట్ట దిగితే లంకలు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వదిలినప్పుడు ఆ లంకలన్నీ మునిగాయి. వరద తీశాక దారి మీద మిగిలేది మేట. పైన ఎండి పెచ్చుకట్టి గట్టిగా కనిపిస్తుంది, కింద మెత్తన. అక్కడ దిగబడేది బరువున్న బండి. వరద రోజుల్లో బండిని పడవలోకి ఎత్తాల్సి వస్తే ఇద్దరు మనుషులు ఎత్తగలగాలి. క్రాష్ గార్డు, టాప్ ర్యాక్, మూడు ఇనుప పెట్టెలు, ఎల్‌ఈడీ బార్ బిగించుకున్న బండికి ఇరవై పాతిక కిలోలు ఊరికే చేరతాయి. తేలిక బండి కోసమని లక్షన్నర ఎక్కువ పోసినవాళ్లున్న లోకంలో, డబ్బిచ్చి బరువు పెంచుకునే పనిని అప్‌గ్రేడ్ అనడం ఏ లెక్కన?

ఈ నేల మీద దశాబ్దాలుగా గెలిచిన బండి ఏదో రొయ్యల చెరువుల గట్ల మీద చూడొచ్చు. టీవీఎస్ ఎక్స్ఎల్. 100 సీసీ లోపు ఇంజిన్, నాలుగు చిల్లర గుర్రాల శక్తి, బరువు 90 కిలోల లోపు. నిజాంపట్నం వైపు మేత బస్తాలు, ఐసు పెట్టెలు, వలలు దాని మీదే తిరుగుతాయి. వెనక సీటు తీసేసి బస్తా కుదిరేలా చేసుకుంటారు, పాలవాళ్లు క్యాన్లు తగిలించే కొక్కేలు వెల్డింగ్ చేయించుకుంటారు. డెల్టాలో బండిని మార్చుకోవడం కొత్తేమీ కాదు. ఆ మార్పులన్నీ ఒక పని కోసం, ఒక దారి కోసం, ఆ దారిలో రోజూ తిరిగాక చేసుకున్నవి. కొన్న వారంలో ఎవరో చెప్పారని చేసుకున్నవి కావు.

బాపట్ల దగ్గర సూర్యలంక ఇసుకలో కథ పూర్తిగా వేరు. సరుగుడు తోటల దారిలోనో ఒడ్డునో బండి కూరుకుపోయినవాడు మొదట అనుకునేది శక్తి చాలలేదని. నిజానికి చాలనిది టైరు నేలను తాకే జాగా. రోడ్డు కోసం కొట్టించిన గాలిని 18 పీఎస్ఐ దగ్గరికి తగ్గిస్తే టైరు చదునుగా పరుచుకుని తాకే జాగా పెరుగుతుంది, కూరుకుపోవడం తగ్గుతుంది. పైసా ఖర్చు లేని ఈ మార్పు చేసే తేడా ఏ సైలెన్సరూ చేయలేదు. దానికి కావాల్సింది జేబులో గాలి కొలిచే గేజీ, సీటు కింద చిన్న పంపు. ట్యూబు టైరు కాబట్టి మరీ తగ్గిస్తే రిమ్ము మీద టైరు జారి వాల్వు తెగే ప్రమాదముంది, ఆ హద్దు తెలుసుకోవాలి. తిరిగి తారు రోడ్డెక్కేముందు గాలి మళ్లీ నింపాలి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, చైన్‌కు ఆయిల్ పెట్టకపోతే ఉప్పు చువ్వల్నీ చైన్‌నీ తినేస్తుంది.

సూర్యలంక గురించి ఇంకో మాట. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాటిని సేకరించి హేచరీల్లో పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతుంది. ఇసుకలో ఇంకా ఎవరి కంటా పడని గూళ్లుంటాయి. పిల్లలు వెలుతురును బట్టి సముద్రం వైపు నడుస్తాయి, రాత్రిపూట ఒడ్డున వెలిగే ఎల్‌ఈడీ బార్ వాటిని ఎదురు దిక్కుకు నడిపిస్తుంది. ఆ నెలల్లో ఆ ఒడ్డు మీదికి బండి తీసుకెళ్లకూడదు. ఎంత మంచి రైడర్‌కైనా ఈ విషయంలో మినహాయింపు లేదు.

ఎత్తు పెంచడం గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే దెబ్బలు తగిలేది ఇక్కడే. ఎక్స్‌పల్స్ 4వీ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, ప్రోకు 891. అయిదున్నర అడుగుల మనిషికి మొదటిదాని మీదే మునివేళ్లు ఆనతాయి. రెండోదాని మీద ఒక పక్కకు ఒరిగితే గానీ కాలు అందదు. ఆ ఎత్తు వేగంగా ఎగిరి దూకే పందెంగాడి కోసం. లంక దారిలో నెమ్మదిగా వెళుతూ ముందు చక్రం జారినప్పుడు కొత్తవాడికి కావాల్సింది టక్కున ఆనే కాలు. ఆ కాలు గాలిలో ఉంటే బండి కింద పడుతుంది, మోకాలు దాని కింద ఇరుక్కుంటుంది. పైగా స్థానికంగా లేపే పద్ధతి చాలాచోట్ల లింకేజీ ప్లేట్లు మార్చడమో, ఫోర్కు మీద స్పేసర్లు పెట్టడమో. సస్పెన్షన్ కదలిక మిల్లీమీటరు కూడా పెరగదు. బండి ఎత్తవుతుంది, హ్యాండిల్ తిరిగే తీరు మారుతుంది, చైన్ కోణం చెడుతుంది.

రేసు బండ్లు మార్చుకోరా అని అడుగుతారు. మార్చుకుంటారు. కానీ డాకర్ ర్యాలీయే 2011 నుంచి ఇంజిన్‌ను 450 సీసీకి పరిమితం చేసింది. అంతకంటే పెద్ద ఇంజిన్ల వేగం ప్రమాదమని నిర్వాహకులే తగ్గించారు. 2015లో సి.ఎస్. సంతోష్ డాకర్ పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడు. 2024లో కేరళకు చెందిన హరిత్ నోవా ర్యాలీ-2 విభాగం గెలిచి మొత్తం మీద 11వ స్థానంలో నిలిచాడు. వాళ్ల బండ్ల మీద చేసే పనిలో పెద్ద భాగం రైడర్ ఒంటికి తగ్గట్టు సర్దడమే. స్ప్రింగు అతని బరువును బట్టి, హ్యాండిల్ అతని భుజాలను బట్టి. సైలెన్సర్ ఒక్కటి చూసి రేసు బండిని అనుకరిస్తే ఆ పనిలో అసలుది వదిలేసినట్టే.

అసలుది ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ఇద్దరు మనుషులు, ఒక కొలత టేపు, పావుగంట చాలు. బండిని సైడ్ స్టాండ్ మీద ఒరిగించి వెనక చక్రం గాలిలోకి లేపాలి. ఇరుసు నుంచి నిట్టనిలువునా పైన మడ్‌గార్డు మీద ఒక గుర్తు పెట్టి కొలవాలి. తర్వాత బండి చక్రాల మీద నిలబెట్టి, నడిపేవాడు హెల్మెట్, బూట్లతో సహా ఎక్కి కూర్చుంటే మళ్లీ అదే కొలత. రెండింటి తేడా మొత్తం కదలికలో మూడో వంతు ఉండాలి. ఎక్స్‌పల్స్ 4వీకి వెనక 170 మిల్లీమీటర్లు కాబట్టి 55 దగ్గర. 80 దాకా దిగిపోతే స్ప్రింగు ప్రీలోడ్ బిగించాలి, 30 దగ్గరే ఆగితే వదులు చేయాలి. ఆ సర్దుబాటు కంపెనీయే ఇచ్చింది. 55 కిలోల కుర్రాడికీ 90 కిలోల పెద్దమనిషికీ ఒకే బండి షోరూమ్ నుంచి ఒకే బిగింపుతో వస్తుంది. ఇద్దరూ దాన్ని తాకకుండా సైలెన్సర్ దగ్గరికే పోతే ఇద్దరికీ బండి కుదరదు.

అదయ్యాక ఫుట్‌రెస్టుల మీద నిలబడి చూసుకోవాలి. మట్టిబండి నడిపేది నిలబడే. మోచేయి నుంచి వేళ్ల దాకా చేయి ఒక్క గీతలో ఉండేలా క్లచ్, బ్రేక్ లివర్లను కిందికి వంచుకోవాలి. బూటు వేసుకుంటే గేర్ లివర్ కింద వేలు దూరాలి. ఒక స్పానర్‌తో అయ్యే పని. 2023 నుంచి ఎక్స్‌పల్స్ 4వీలో రోడ్, ఆఫ్-రోడ్, ర్యాలీ అని మూడు ఏబీఎస్ మోడ్‌లున్నాయి. సైలెన్సర్ మార్చినవాళ్లలో ఆ మోడ్ మార్చి బ్రేకు పట్టి చూసినవాళ్లు తక్కువ. లాగుడు నిజంగానే చాలకపోతే ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గించవచ్చు. 13 పళ్లు 12 అయితే చక్రం దగ్గర లాగుడు ఎనిమిది శాతం పెరుగుతుంది, పై వేగం అంత మేరా తగ్గుతుంది, నచ్చకపోతే పాతదే పెట్టుకోవచ్చు. రీమ్యాప్‌కు పెట్టే ఖర్చులో ఇది ఏ మూలకూ రాదు.

అలాగని బండిని ముట్టుకోవద్దని కాదు. ఏ మార్పైనా నేరమే అనేవాళ్లదీ తొందరపాటే. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఆల్టరేషన్ అనేది బండి ప్రాథమిక లక్షణాన్నే మార్చేసే నిర్మాణ మార్పును. హ్యాండ్ గార్డులు, ఇంజిన్ కింద గట్టి బ్యాష్ ప్లేటు, రెండు టైర్ లివర్లు, స్పేర్ ట్యూబు, నేలకు తగిన టైర్లు కచ్చితంగా అవసరమే. 21 అంగుళాల ట్యూబు ఒక్కటి పెట్టుకుంటే అత్యవసరంలో వెనక 18 చక్రానికి కూడా గడుస్తుంది. కానీ ఇవి కూడా ఒక వానాకాలం, ఒక ఎండాకాలం తిరిగాకే ఏవి కావాలో తేలతాయి. తెనాలి డొంకల్లో తిరిగేవాడికీ బాపట్ల ఇసుకలో తిరిగేవాడికీ ఒకే టైరు పనికిరాదు. పైగా కొత్త ఇంజిన్‌కు మొదటి సర్వీసు దాకా భాగాలు ఒకదానికొకటి కుదురుకునే కాలం. తొలి ఆయిల్‌లో సన్నటి ఇనుప రజను దిగేది అప్పుడే. ఆ సమయంలో ఏ మార్పు చేసినా, తర్వాత వచ్చే ఇబ్బంది బండిదా మార్పుదా అన్నది ఎవరూ చెప్పలేరు.

తెనాలి, గుంటూరు, బాపట్ల షెడ్లలో చేయి తిరిగిన మెకానిక్‌లున్నారు. వాళ్లకు కూలి రావాలి, అది న్యాయం. సైలెన్సర్ మార్చినందుకు తీసుకునే డబ్బు సస్పెన్షన్ కొలిచి సర్దినందుకు, చువ్వలు బిగించినందుకు, స్టీరింగ్ బేరింగుల్లో గ్రీజు నింపినందుకు కూడా అడగవచ్చు. అడగాలి. పని తెలిసినవాడి నోటి నుంచి వస్తే కుర్రాళ్లు వింటారు. షోరూమ్‌లు బండి అప్పగించే రోజు పూలదండ వేసి ఫొటో తీసే పావుగంటతో పాటు ఇంకో పావుగంట టేపు పట్టుకోవచ్చు. ఇంట్లో డబ్బిచ్చే నాన్నలు, కొడుకు సైలెన్సర్‌కు అడిగితే, ఆ మొత్తంతోనే ఐఎస్ఐ ముద్ర ఉన్న మంచి హెల్మెట్, చీలమండ దాటే బూట్లు, మోకాలి గార్డులు కొనిపెట్టి, మిగిలింది వానలు మొదలయ్యేలోపు గుబ్బల టైర్లకు దాచమని చెప్పవచ్చు.